బీఆర్‌టీఎస్ రోడ్డులో బీఆర్‌టీఎస్ ఎక్కడ?

విజయవాడలో ఆటో ఎక్కి "బీఆర్‌టీఎస్ రోడ్డుకి పోనివ్వండి" అనండి. ఇంకో మాట అడగకుండా తీసుకెళ్ళి దింపేస్తారు. వైజాగ్‌లో కూడా ఒక బీఆర్‌టీఎస్ రోడ్డు ఉంది, అక్కడా అంతే. అడ్రసుల్లో రాసుకుంటాం, ఫుడ్ డెలివరీ వాళ్ళకి ల్యాండ్‌మార్క్‌గా చెప్తాం. కానీ బీఆర్‌టీఎస్ అంటే ఏంటి అని అడిగితే చాలామంది తడుముకుంటారు. బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్ అని దాని పూర్తి పేరు. బస్సుని మెట్రో రైలులా, తన సొంత దారిలో, పక్కన ఉన్న ట్రాఫిక్‌తో సంబంధం లేకుండా నడిపే పద్ధతి అన్నమాట.

రెండు ఊళ్ళలోనూ పేరు రోడ్డుకి అతుక్కుపోయింది. పేరులో ఉన్న పద్ధతి మాత్రం పూర్తిగా ఎప్పుడూ రాలేదు.

ఈ పద్ధతి బ్రెజిల్‌లో పుట్టింది, కొలంబియాలో పెరిగింది, అక్కడి నుంచి ఆసియాకి వచ్చింది. కొన్ని ఊళ్ళలో నిలబడింది, కొన్నింట్లో ఉత్త పేరుగా మిగిలింది. ఎందుకలా? మన సీఎస్ఈ వాళ్ళకి ఇది తెలిసిన కథే. సీనియర్ ప్రాజెక్ట్ ఒకటి గిట్‌హబ్ నుంచి దించుకుంటాం, రన్ కొడతాం, స్క్రీన్ నిండా ఎర్రర్లు. కోడ్ వచ్చింది, దాని డిపెండెన్సీలు రాలేదు. ఒక ఊరు ఇంకో ఊరిని చూసి నేర్చుకునేటప్పుడు కూడా ఇదే జరుగుతుందని నాకనిపిస్తుంది. కంటికి కనిపించేది తేలిగ్గా కాపీ అవుతుంది. దాని వెనక ఉన్న రూలు, అగ్రిమెంటు, లెక్క వెనకే ఉండిపోతాయి. ఈ వ్యాసం ఆ వెనక ఉండిపోయే వాటి గురించి.

ముందు ఒక చిన్న లెక్క

బస్సు ఎందుకు ఆలస్యం అవుతుంది? ట్రాఫిక్ అంటాం. అది సగమే నిజం. ఇంకో సగం స్టాపులో పోతుంది.

ఒక స్టాపులో 40 మంది ఎక్కాలి అనుకుందాం. ఒకటే డోరు, ఎత్తైన మెట్లు, భుజాన బ్యాగు. ఒక్కొక్కరికి 3 సెకన్లు వేసుకున్నా 120 సెకన్లు, అంటే 2 నిమిషాలు. ఇప్పుడు ఇంకో ఏర్పాటు ఊహించండి. బస్సు ఫ్లోరు, ప్లాట్‌ఫామ్ ఒకే ఎత్తులో ఉన్నాయి. టికెట్ స్టేషన్ లోపలికి వచ్చేటప్పుడే అయిపోయింది. బస్సుకి 3 వెడల్పాటి డోర్లు. మెట్టు లేదు కాబట్టి మనిషికి 1 సెకను. అప్పుడు 14 సెకన్లలో అందరూ లోపల ఉంటారు. ఇలాంటి స్టాపులు 20 ఉంటే, ఒక్క ట్రిప్పులో 35 నిమిషాలు మిగులుతాయి. అంకెలు నేను ఊహించినవే, కానీ లెక్క ఎటు పోతుందో అర్థమైంది కదా.

బీఆర్‌టీ గుట్టు ఇదే. సొంత లేన్ ఒక్కటే సరిపోదు. లేన్, ముందే టికెట్, ఒకే ఎత్తు ప్లాట్‌ఫామ్, ఎక్కువ డోర్లు కలిస్తేనే బస్సు మెట్రోలా పరుగెడుతుంది. ఒకటి తీసేస్తే మిగతా మూడింటి బలం కూడా తగ్గుతుంది. లేన్‌లో దూసుకొచ్చిన బస్సు స్టాపులో 2 నిమిషాలు ఆగితే, వెనక బస్సులన్నీ దాని వెనకే క్యూ కడతాయి. పక్క లేన్‌లోకి వెళ్ళి ఓవర్‌టేక్ చేసే వీలు కూడా ఉండదు.

కురిటిబా: బస్సు వెనక బిల్డింగ్ రూలు

బ్రెజిల్ దక్షిణాన కురిటిబా అని ఒక నగరం ఉంది. 1971లో జైమీ లెర్నర్ అనే ఆర్కిటెక్ట్ మేయర్ అయ్యాడు. మెట్రో కట్టేంత డబ్బు ఊరి దగ్గర లేదు. 1974లో రోడ్డు మధ్యలో బస్సులకి మాత్రమే దారి వదిలి ఎక్స్‌ప్రెస్ బస్సులు మొదలుపెట్టారు. 1991లో గాజు గొట్టాల్లాంటి స్టేషన్లు వచ్చాయి. లోపలికి వెళ్ళేటప్పుడే టికెట్ తీసుకుంటారు, బస్సు వచ్చి ఆనుకుంటుంది, అడుగు తీసి అడుగు వేస్తే బస్సులో ఉంటారు. ఆ మరుసటి ఏడాది మూడు ముక్కలు కలిపినట్టుండే పొడవాటి బస్సులు వచ్చాయి. ఒక్కో దాంట్లో దాదాపు 270 మంది పడతారు.

ఫొటోల్లో కనిపించేది ఆ గాజు గొట్టమే. చూడ్డానికి బాగుంటుంది, అందుకే ప్రపంచంలో ఎవరు కురిటిబా వెళ్ళినా దాని ముందు నిలబడి ఫొటో దిగి వస్తారు. ఫొటోలో పడనిది ఒకటుంది, అదే బిల్డింగ్ రూలు. ఎత్తైన అపార్టుమెంట్లు, ఆఫీసులు ఈ బస్సు దారుల వెంటే రావాలని, దూరం జరిగేకొద్దీ ఎత్తు తగ్గాలని ఊరు ప్లాన్‌లోనే రాసుకుంది. 1965లోనే ప్లానింగ్ కోసం ఒక సంస్థ పెట్టుకుని, మేయర్లు మారినా ఆ పని ఆగకుండా చూసుకుంది. దాంతో బస్సుకి జనం దొరికారు, జనానికి బస్సు దొరికింది.

మన దగ్గర దీనికి తిరగేసి జరుగుతుంది. ఊరికి దూరంగా, భూమి చవగ్గా ఉన్న చోట ముందు వెంచర్ పడుతుంది, తర్వాత ఇళ్ళు, ఆ తర్వాత "మా కాలనీకి బస్సు వేయండి" అని అర్జీ. అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు ఉన్న చోట బస్సు నిండదు. నిండకపోతే ట్రిప్పులు తగ్గిస్తారు. ట్రిప్పులు తగ్గితే ఉన్న నలుగురు కూడా బైక్ కొనుక్కుంటారు. ఇన్ఫినిట్ లూప్.

బొగోటా: పైసా యుద్ధం ఆపిన అగ్రిమెంటు

కురిటిబా పాఠాన్ని కొలంబియా రాజధాని బొగోటా ఇంకా పెద్ద ఎత్తున రాసింది. మేయర్ ఎన్రికె పెన్యలోసా హయాంలో, 2000 డిసెంబర్‌లో ట్రాన్స్‌మిలేనియో మొదలైంది. స్టేషన్ల దగ్గర రెండో లేన్ కలిపి, ఒక బస్సు ఆగి ఉంటే వెనకది దాటిపోయేలా చేశారు. ఈ ఒక్క మార్పుతో అన్ని స్టాపుల్లో ఆగే బస్సులు, కొన్నింట్లోనే ఆగే ఎక్స్‌ప్రెస్‌లు ఒకే దారిలో నడిచే వీలొచ్చింది. రద్దీ టైములో ఒక దిక్కుగా గంటకి 45,000 మంది దాకా తీసుకెళ్ళగలిగింది. చాలా మెట్రో లైన్లు మోసేది ఇంతకంటే తక్కువే.

ఇక్కడ కూడా అసలు విషయం లేన్ కాదు. అంతకుముందు బొగోటాలో ప్రైవేటు బస్సులు వేలల్లో ఉండేవి. డ్రైవర్ సంపాదన ఎంతమందిని ఎక్కించాడన్న దాని మీదే ఆధారపడేది. దాంతో ఒకే రూట్‌లో రెండు బస్సులు పోటీ పడి పరుగెత్తడం, రోడ్డు మధ్యలో ఆపి ఎక్కించుకోవడం, జనం లేరనుకుంటే కదలకపోవడం. అక్కడివాళ్ళు దీనికి పెట్టుకున్న పేరుని మన భాషలో "పైసా యుద్ధం" అనొచ్చు. షేర్ ఆటో ఎక్కినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. "ఇంకొక్కరు వస్తే వెళ్ళిపోదాం" అంటూ పావుగంట ఆపడం, తర్వాత ముందున్న ఆటోని దాటాలని ప్రాణం మీదికి తేవడం. తప్పు డ్రైవర్ అన్న గుణంలో లేదు, ఆయనకి డబ్బు వచ్చే పద్ధతిలో ఉంది.

ట్రాన్స్‌మిలేనియో ఆ పద్ధతిని మార్చింది. బస్సులు ప్రైవేటు కంపెనీలవే, కానీ వాటికి చెల్లింపు ప్రధానంగా నడిపిన కిలోమీటర్లని బట్టి. టికెట్ డబ్బు వసూలు చేసేది వేరే సంస్థ, ఆ డబ్బు ఒక ప్రత్యేక నిధిలో పడి అక్కడి నుంచి పంపకం జరుగుతుంది. ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పేది కంట్రోల్ రూమ్. డ్రైవర్‌కి పక్క బస్సుతో పోటీ పడాల్సిన పనే లేదు.

బొగోటా కథ అక్కడితో సుఖాంతం అయిపోలేదు. ఎక్కేవాళ్ళు పెరిగినంత వేగంగా కొత్త లైన్లు రాలేదు, బస్సులు కిక్కిరిసిపోయాయి. 2012 మార్చిలో జనం రోడ్డెక్కారు, స్టేషన్లు ధ్వంసమయ్యాయి. ఇప్పుడు ఆ ఊరు మెట్రో మొదటి లైను కట్టుకుంటోంది. ఇది కూడా పాఠమే. కానీ ఊళ్ళు ఒకదానికొకటి చూపించుకునే ప్రెజెంటేషన్లలో 2000 సంవత్సరం స్లైడు ఉన్నంత పెద్దగా 2012 స్లైడు ఉండదు. ప్లేస్‌మెంట్ రిపోర్టులో హయ్యస్ట్ ప్యాకేజీ పెద్ద అక్షరాల్లో ఉన్నట్టే.

ఢిల్లీ, అహ్మదాబాద్: ఒకే పాఠం, రెండు రిజల్టులు

బొగోటా తర్వాత జకార్తా 2004లో మొదలుపెట్టి, ఇవాళ ప్రపంచంలోనే అతి పొడవైన బీఆర్‌టీ నెట్‌వర్క్ నడుపుతోంది. మన దేశంలో 2005 డిసెంబర్‌లో జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం వచ్చాక, కేంద్రం డబ్బుతో చాలా ఊళ్ళు బీఆర్‌టీఎస్ ప్లాన్లు వేశాయి. మన విజయవాడ, విశాఖ ఆ లిస్టులోవే.

ఢిల్లీలో 2008లో అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా 5.8 కిలోమీటర్ల కారిడార్ మొదలైంది. రోడ్డు మధ్యలో బస్సు లేన్ ఇచ్చారు. కానీ ఆ లేన్‌లోకి ఊళ్ళో తిరిగే మామూలు బస్సులన్నీ వచ్చాయి. మూసిన స్టేషన్లు లేవు, ముందే టికెట్ తీసుకునే ఏర్పాటు లేదు. స్టాపులు సిగ్నళ్ళ పక్కనే ఉండటంతో బస్సులు అక్కడ బారులు తీరాయి. ఒక బస్సు బ్రేక్‌డౌన్ అయితే లేన్ మొత్తం ఆగిపోయేది. కార్ల వాళ్ళకి రోడ్డు ఇరుకైపోయిందని కోపం. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. 2012లో కోర్టు ఆ పిటిషన్ కొట్టేసి కారిడార్‌ని నిలబెట్టింది, అయినా 2016లో ప్రభుత్వమే దాన్ని పీకేసింది. పైన మనం రాసుకున్న నాలుగు పనుల్లో ఢిల్లీ ప్రధానంగా చేసింది ఒక్కటే, లేన్.

ఒక్క మాట ఢిల్లీ తరఫున కూడా చెప్పాలి. ఆ రోడ్డు మీద బస్సుల్లో ఉన్న మనుషులు, కార్లలో ఉన్న మనుషులు వేరు వేరు సైజు గుంపులు. కార్లు ఎక్కువ కనిపిస్తాయి, బస్సుల్లో జనం ఎక్కువ ఉంటారు. రోడ్డు ఎంత నిండిందని చూస్తే ఒక తీర్పు వస్తుంది, రోడ్డు ఎంతమందిని దాటించిందని చూస్తే ఇంకో తీర్పు వస్తుంది. టీవీ కెమెరాకి మొదటిదే కనిపిస్తుంది.

అహ్మదాబాద్ 2009 అక్టోబర్‌లో జన్‌మార్గ్ మొదలుపెట్టింది. జన్‌మార్గ్ అంటే జనం దారి. డిజైన్ పని అక్కడి సెప్ట్ యూనివర్సిటీ చేసింది. మధ్యలో మూసిన స్టేషన్లు, లోపలే టికెట్, ఒకే ఎత్తు ప్లాట్‌ఫామ్, దీనికోసమే తెచ్చిన బస్సులు, దీన్ని నడపడానికే ఒక కంపెనీ. ప్రారంభానికి ముందు ట్రయల్ రన్‌లో జనాన్ని ఎక్కించి అలవాటు చేశారు. 2010లో అంతర్జాతీయ సస్టెయినబుల్ ట్రాన్స్‌పోర్ట్ అవార్డు అహ్మదాబాద్‌కి వచ్చింది.

రెండు ఊళ్ళూ బయటి ఊళ్ళని చూసే నేర్చుకున్నాయి. తేడా ఎక్కడ వచ్చింది? ఒకటి రోడ్డుని తెచ్చుకుంది, రెండోది రోడ్డుతో పాటు నడిపే విధానాన్ని కూడా తెచ్చుకుంది. మన బీఆర్‌టీఎస్ రోడ్ల సంగతి కూడా ఈ కోణంలోంచే చూడాలని నా అభిప్రాయం. రోడ్డు వేయడానికి నిధులుంటాయి, శంకుస్థాపన ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. బస్సు కంపెనీతో రాసుకునే అగ్రిమెంటుకి, బిల్డింగ్ రూలుకి ఎవరూ రిబ్బన్ కట్ చేయరు.

ఫ్రీ అయితే టికెట్ ఎందుకు?

ఊళ్ళ మధ్య నేర్చుకోవడం అంటే విదేశాల నుంచే అనుకోనక్కర్లేదు. మన క్లాసులో సగం మంది రోజూ వాడే ఉదాహరణ ఒకటుంది.

ఆడవాళ్ళకి ఉచిత బస్సు ఢిల్లీలో 2019 అక్టోబర్‌లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబర్ 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైంది. ఐడియా రాష్ట్రం నుంచి రాష్ట్రానికి ఎలా నడిచిందో తేదీలు చూస్తేనే తెలుస్తుంది.

కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇవ్వడం మీరు చూసే ఉంటారు. డబ్బులు లేనప్పుడు ఈ కాగితం ఎందుకు, దండగ కదా అని చాలామంది అంటారు. ఆ కాగితం ప్రయాణికురాలి కోసం కన్నా లెక్క కోసం. ఎంతమంది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళారో, మామూలుగా అయితే ఎంత ఛార్జీ వచ్చేదో ఆ టికెట్టే రికార్డు చేస్తుంది. ప్రభుత్వం ఆర్టీసీకి తిరిగి చెల్లించాల్సిన మొత్తానికి ఆధారం అదే. ఆ కాగితం లేకపోతే ఫ్రీ బస్సు వల్ల ఆర్టీసీకి ఎంత నష్టం వచ్చిందో గొడవ పడడానికి కూడా అంకెలుండవు. "ఫ్రీ" అన్న మాట కాపీ చేయడం తేలిక. జీరో టికెట్‌ని కూడా కాపీ చేయడం తెలివైన పని.

ఆ టికెట్లలో ఇంకో విలువ కూడా ఉంది. ఏ రూట్‌లో ఏ టైముకి ఎంతమంది నిలబడి వెళ్తున్నారో దాన్ని బట్టి పట్టుకోవచ్చు. పొద్దున 8 గంటల బస్సులో ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళకి ఇంకో బస్సు కావాలా వద్దా అన్న ప్రశ్నకి జవాబు ఆ డేటాలోనే ఉంటుంది. జవాబు చూసి బస్సు కొనాల్సింది మాత్రం మనుషులే.

ఊళ్ళన్నీ నింపిన ఒకే ఫారం

ఇప్పుడు మన సబ్జెక్టులోకి వద్దాం. ఊళ్ళ మధ్య పాకిన ఐడియాల్లో అతి ఎక్కువ దూరం వెళ్ళినవాటిలో ఒకటి బస్సూ కాదు, రోడ్డూ కాదు. కొన్ని టెక్స్ట్ ఫైళ్ళు.

2005లో అమెరికాలో మ్యాప్ వెబ్‌సైట్లు కారు దారి చెప్పేవి, బస్సు దారి అంత తేలిగ్గా దొరికేది కాదు. పోర్ట్‌ల్యాండ్ నగర బస్సు, రైలు సంస్థ ట్రైమెట్‌లో పనిచేసే బిబియానా మెక్‌హ్యూ, గూగుల్‌ని కదిపింది. అప్పటికే అక్కడ క్రిస్ హారెల్సన్ అనే ఇంజినీర్ ఇలాంటి పని మీదే ఉన్నాడు. ట్రైమెట్ తన టైమ్‌టేబుల్ డేటా ఇచ్చింది. 2005 డిసెంబర్‌లో పోర్ట్‌ల్యాండ్ ఒక్క ఊరితో గూగుల్ ట్రాన్సిట్ మొదలైంది. మరుసటి ఏడాది సియాటిల్, హోనలులు లాంటి ఊళ్ళు చేరాయి, డేటా ఏ రూపంలో ఉండాలో అందరికీ తెలిసేలా ప్రచురించారు. దాని పేరు జీటీఎఫ్‌ఎస్. మొదట్లో జీ అంటే గూగుల్. తర్వాత ఇది ఒక్క కంపెనీ సొత్తు కాదని జీ అంటే జనరల్ అని మార్చారు.

లోపల చూస్తే మన సెకండ్ ఇయర్ డీబీఎంఎస్ ల్యాబ్ గుర్తొస్తుంది. ఒక జిప్ ఫైలు, దాంట్లో కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైళ్ళు. ముఖ్యమైనవి ఆరు. నడిపే సంస్థ ఏది అన్నది ఏజెన్సీ. స్టాపు పేరు, అక్షాంశం, రేఖాంశం ఉండేది స్టాప్స్. రూట్ నంబర్లు రూట్స్‌లో. ఒక్కో ప్రయాణం ట్రిప్స్‌లో. ఏ ట్రిప్పు ఏ స్టాపుకి ఎన్నింటికి వస్తుందో స్టాప్ టైమ్స్‌లో. ఏ రోజుల్లో నడుస్తుందో క్యాలెండర్‌లో. ప్రైమరీ కీలు, ఫారిన్ కీలు, అంతే.

ఒక గమ్మత్తు చెప్తా. సోమవారం రాత్రి 11:30కి బయలుదేరిన బస్సు అర్ధరాత్రి దాటాక 1:10కి చివరి స్టాపు చేరితే, ఆ టైముని 25:10 అని రాస్తారు. గడియారంలో 25 గంటలు ఉండవు కదా అంటే, డ్రైవర్ డ్యూటీ చార్టులో అది ఇంకా సోమవారం ట్రిప్పే. క్యాలెండర్ మంగళవారం అంటుంది, డిపో సోమవారం అంటుంది. ఈ ఫార్మాట్ డిపో మాటే విన్నది. బస్సు ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఎక్సెల్‌లోనే తెరిచి సరిచేసుకోగలగాలని టెక్స్ట్ ఫైళ్ళు ఎంచుకోవడం కూడా అలాంటి ఆలోచనే.

బీఆర్‌టీకి, దీనికి తేడా గమనించండి. పోర్ట్‌ల్యాండ్ ఎవరికీ తన రోడ్లు ఇవ్వలేదు, తన టైమ్‌టేబులూ రుద్దలేదు. ఖాళీ ఫారం ఇచ్చింది, ఎవరి ఊరు వాళ్ళు నింపుకోమంది. ఒక ఊరి డేటా కోసం రాసిన యాప్ ఇంకో ఊరికి కూడా పనిచేస్తుంది. మన దగ్గర 2018లో కొచ్చి మెట్రో తన డేటాని ఇలా బయటపెట్టింది, అదే ఏడాది ఢిల్లీ ప్రభుత్వం ఐఐఐటీ ఢిల్లీతో కలిసి బస్సుల డేటా తెరిచింది. తెలంగాణ ఓపెన్ డేటా పోర్టల్‌లో హైదరాబాద్ మెట్రో జీటీఎఫ్‌ఎస్ ఉంది, దించుకుని చూడొచ్చు.

టైమ్‌టేబులే లేని ఊళ్ళో ఏం చేశారు?

"ఇదంతా టైమ్‌టేబుల్ ఉన్న ఊళ్ళకి. మా ఊళ్ళో షేర్ ఆటోకి టైమ్‌టేబుల్ ఎక్కడిది?" న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు కెన్యా రాజధాని నైరోబీ నుంచి వచ్చింది.

అక్కడ ఎక్కువమంది ఎక్కేది మటాటూ అనే ప్రైవేటు వ్యాన్లు. మన సెవెన్ సీటర్ ఆటోలకి పెద్దన్నయ్యలు. రూట్లు ఉన్నాయి, నంబర్లు ఉన్నాయి, కానీ అన్నీ కలిపిన మ్యాపు అంటూ ఒకటి లేదు. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ మారాలో తెలిసినవాళ్ళకి తెలుసు, కొత్తవాళ్ళు అడుక్కోవాల్సిందే. యూనివర్సిటీ ఆఫ్ నైరోబీ, అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ, ఎంఐటీ కలిసి డిజిటల్ మటాటూస్ అనే ప్రాజెక్ట్ పెట్టుకున్నాయి. నైరోబీ విద్యార్థులు చేతిలో ఫోన్లతో మటాటూలు ఎక్కి, ప్రతి రూటు జీపీఎస్ గీత, ఆగిన ప్రతి స్టాపు నమోదు చేశారు. 130కి పైగా రూట్లు. ఆ డేటాని జీటీఎఫ్‌ఎస్‌లోకి మార్చి, ఎవరైనా వాడుకునేలా వదిలి, 2014లో మెట్రో మ్యాపులా రంగురంగుల గీతలతో కాగితం మ్యాపు వేశారు. నగర ప్రభుత్వం దాన్ని తన అధికారిక మ్యాపుగా తీసుకుంది.

కష్టం ఎక్కడ వచ్చిందో మనకి ఇట్టే అర్థమవుతుంది. స్టాపుకి బోర్డు ఉండదు, దగ్గర్లో ఉన్న కొట్టు పేరో బిల్డింగ్ పేరో చెప్తారు. టైము ఉండదు. దీనికోసం జీటీఎఫ్‌ఎస్‌లో ఫ్రీక్వెన్సీస్ అనే ఇంకో ఫైలు ఉంది. 8:05కి బస్సు అని రాయక్కర్లేదు, 7 నుంచి 10 గంటల మధ్య ప్రతి 6 నిమిషాలకొకటి అని రాస్తే చాలు. ఆ తర్వాత నికరాగువా రాజధాని మనాగువాలో వాలంటీర్లు ఇలాగే తమ బస్సు రూట్లు తామే ఎక్కి తిరిగి మ్యాపు వేసుకున్నారు. ఆ ఊళ్ళ మధ్య పాకినదానికి కోట్ల రూపాయల ప్రాజెక్టు పేరు లేదు. ఎలా చేయాలో రాసిపెట్టిన పద్ధతి ఒక్కటే పాకింది.

మన గేటు దగ్గర నుంచి

డేటా వస్తే బస్సులు వస్తాయని నేను అనట్లేదు. లేని బస్సుకి ఎంత అందమైన యాప్ చేసినా అది లేని బస్సే. కానీ తెలియని బస్సు కూడా లేని బస్సుతో సమానం. ఎప్పుడొస్తుందో తెలియక స్టాపులో 40 నిమిషాలు నిలబడినవాళ్ళు రెండో నెలలో ఈఎంఐ మీద బైక్ తీసుకుంటారు. బైక్ కొనలేనివాళ్ళు, నడపలేనివాళ్ళు, ఇంట్లో బైక్ ఇవ్వనివాళ్ళు నిలబడే ఉంటారు. వీళ్ళలో అమ్మాయిలే ఎక్కువని మన గేటు బయట సాయంత్రం 5 గంటలకి చూస్తే తెలుస్తుంది. ఆ ఎదురుచూపుకి ఎక్కడా రికార్డు లేదు, అందుకే అది ఏ మీటింగ్‌లోనూ అజెండా కాదు.

మినీ ప్రాజెక్టుకి టాపిక్ కోసం వెతుకుతున్న వాళ్ళకి ఇదొక ఆఫర్ అనుకోండి. మన కాలేజీ గేటు నుంచి మూడు బస్సు రూట్లు, రెండు షేర్ ఆటో లైన్లు ఉన్నాయి. నలుగురు కలిస్తే రెండు వారాల్లో అన్నీ ఎక్కి దిగొచ్చు. ఒకరు జీపీఎస్ గీత, ఒకరు స్టాపులు, ఒకరు ఎన్ని నిమిషాలకొకటి వస్తోందో రాసుకోవడం, ఒకరు ఆరు ఫైళ్ళు నింపడం. ఫ్రీగా దొరికే వాలిడేటర్లు తప్పులు చూపిస్తాయి. డ్రైవర్లనీ కండక్టర్లనీ ముందే అడిగి, మనం ఏం చేస్తున్నామో చెప్పి మొదలుపెడితే వాళ్ళే సగం పని చేసిపెడతారు. ప్రయాణికుల పేర్లు, ఫొటోలు మాత్రం వద్దు, మనకి కావాల్సింది రూటు.

స్టాప్స్ ఫైల్లో పేర్లు రాసేటప్పుడు ఒక చర్చ తప్పకుండా వస్తుంది. కాగితం మీద ఏదో నగర్ అని ఉంటుంది, ఎక్కేవాళ్ళు "పాత సినిమా హాలు" అంటారు. ఆ హాలు ఎప్పుడో మూసేసి ఉంటుంది. ఏది రాయాలి? ఎక్కేవాళ్ళు అనేదే రాయండి. ఎందుకంటే ఈ రూట్ల అసలు డేటాబేస్ ఇన్నాళ్ళూ కండక్టర్ గారి బుర్రలో ఉంది. ఏ స్టాపులో ఏ రోజు సంత జనం ఉంటారు, ఏ మలుపు దగ్గర వాన పడితే నీళ్ళు నిలుస్తాయి, ఆఖరి ట్రిప్పులో ఎవరెవరు వస్తారు, అన్నీ ఆయనకి తెలుసు. ఆయన రిటైర్ అయిన రోజు ఆ డేటాబేస్ కూడా ఇంటికెళ్ళిపోతుంది, బ్యాకప్ లేదు.

పక్క ఊరు మన దగ్గర నేర్చుకోవాలన్నా, మనం ఇంకో ఊరి దగ్గర నేర్చుకోవాలన్నా, ముందు మన ఊరి సంగతి ఒక చోట రాసి ఉండాలి. ఆసక్తి ఉన్నవాళ్ళు శనివారం మధ్యాహ్నం క్లబ్ రూమ్‌కి రండి. మొదటి రూటు ఏదో అక్కడే తేల్చుకుందాం.